పదకొండు బండల రిపోర్టు

వెంగళరావు నగర్,
జూలై 8.

జగదీశ్‌కు,

ఎప్పుడూ మొదట రాసే 'చిరంజీవి' ఈసారి రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో అయితే నాలుగు మాటలు పడేసరికి "సిగ్నల్ లేదక్కా" అని పెట్టేస్తావు. ఆసిఫాబాద్ అడవిలో రోడ్డు సర్వే మీద ఉన్నవాడివి కాబట్టి నేను నమ్మక తప్పదు. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా, కూర్చుని చదువు. నీ గొంతు వినాలని కూడా నాకిప్పుడు లేదు.

మొన్న శనివారం మా కాలేజీలో జియాలజీ తీసుకున్న రెండో సంవత్సరం అమ్మాయిలు ఇరవై ఇద్దరిని ఫీల్డ్‌వర్క్‌కు తీసుకెళ్ళాను. ఎక్కడికో నీకు తెలుసు. ఫిల్మ్ నగర్ వెనక జంటబండలకు. పన్నెండేళ్ళుగా ప్రతి బ్యాచ్‌కూ మొదటి పాఠం అక్కడే. గ్రానైటు గురించి క్లాసులో నెల రోజులు చెప్పినా ఎక్కనిది, ఆ బండకు చెంప ఆనించి నిలబడితే పది నిమిషాల్లో ఎక్కుతుంది. ఎండ ముదరకముందే చేరాలని ఆరున్నరకే బయల్దేరాం. సుత్తులు, భూతద్దాలు, దిక్సూచులు, నోటుబుక్కులు, పులిహోర డబ్బాలు, అన్నీ మోసుకుంటూ ఆ ఎత్తు ఎక్కాం.

చుట్టూ నీలం రేకులు కొట్టి ఉన్నాయి. గేటుకు తాళం. వాచ్‌మన్ మమ్మల్ని ఎగాదిగా చూసి, "బండలేడియి మేడం, గవన్నీ సినిమా సెట్టింగులు. రిపోర్టు గిట్ల వచ్చింది. వచ్చే నెల ఇరవైకి తీసేస్తరు" అన్నాడు. అమ్మాయిలు కొందరు నవ్వారు. స్ఫూర్తి అని ఒక పిల్ల ఉంది, ఏ మాటనూ ఊరికే వదలదు. "మరి మేడం, ఇన్నేండ్ల సంది మా సీనియర్లు రికార్డుల రాసింది సెట్టింగుల మీదనా?" అని అడిగింది. ఇరవై ఇద్దరి ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

సోమవారం జూబ్లీ హిల్స్‌లో ఆ స్థలం మేనేజరు ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళాను. సాయిశ్రీనివాస్ అని ఆయన పేరు. మర్యాదస్తుడు. చల్లటి గదిలో కూర్చోబెట్టి గ్రీన్ టీ ఇప్పించి, "ఎక్స్‌పర్ట్ సర్టిఫై చేశాడండీ, మా చేతుల్లో ఏం లేదు" అని రిపోర్టు కాపీ నా చేతికిచ్చాడు. సహజమైన బండలు ఉంటే కమిటీ వచ్చి చూసేదాకా ముట్టుకోకూడదట. సెట్టింగులైతే ఎవర్నీ అడగక్కర్లేదట. మూడో పేజీలో ఉంది ఆ వాక్యం: 'స్థలంలోని పదకొండు బండలనూ విడివిడిగా పరిశీలించాను. అన్నీ చిత్రీకరణ కోసం ఫైబర్, ప్లాస్టర్‌తో తయారు చేసినవే.' కింద నీ సంతకం. జ పక్కన ఆ వంకర తోకతో సహా నీదే.

నీకు పద్నాలుగేళ్ళప్పుడు నా బీయస్సీ సుత్తి పట్టుకుని ఆ బండ దగ్గరే బొటనవేలు నలగ్గొట్టుకున్నావు. కింది బండలోంచి పై బండలోకి మూడు వేళ్ళ వెడల్పున తెల్లటి చార వెళ్తుంది, అది కనిపెట్టింది నువ్వే. "అక్కా, ఇవి రెండు గావు, ఒకప్పుడు ఒక్కటే" అని గంతులేశావు. రెండున్నర వందల కోట్ల ఏళ్ళనాటి రాయిని థర్మోకోల్ ముక్కలా రాసి పారేశావా? తెలియక రాశావంటే నీ డిగ్రీ వెనక్కిచ్చెయ్. తెలిసి రాశావంటే నువ్వు సిగ్గులేనివాడివి. సెట్లు పోసే ఓదెలు కొడుకువై ఉండి, ఏది పోసిందో ఏది పుట్టిందో తెలియలేదంటే నేను నమ్మను.

వచ్చే నెల ఇరవై లోపల ఆ రిపోర్టు వెనక్కి తీసుకో. ఇవాళ్టి నుంచి నాకు తమ్ముడు లేడు.

హిమజ.

*

ఆసిఫాబాద్,
జూలై 15.

అక్కకు నమస్కారం.

ఉత్తరం అందింది. మూడు పేజీల తిట్లకు జవాబు రాసేంత తీరిక నాకు లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే రాయకపోతే నువ్వన్నదంతా నిజమే అనుకుంటావు.

మే తొమ్మిదిన నేను ఆ స్థలానికి వెళ్ళాను. పదకొండింటినీ చూశాను. కొట్టి చూస్తే డొల్ల శబ్దం వచ్చింది. డొల్ల శబ్దం వచ్చేదాన్ని గ్రానైటని రాయమంటావా? అక్కడ ముప్ఫై ఏళ్ళుగా పాటలు, ఫైట్లు తీస్తున్నారు. ఎవరు ఏం తెచ్చి పెట్టారో, ఏం తీసుకెళ్ళారో ఎవరికి గుర్తు? నువ్వు చిన్నప్పుడు నాకు చూపించింది కూడా సెట్టింగేమో. నీకూ అప్పుడు ఇరవై ఏళ్ళే కదా, ఏం తెలుసని?

నీకు ఫీల్డ్‌వర్క్ అంటే శనివారం పొద్దున అమ్మాయిలతో వెళ్ళి పులిహోర తిని వచ్చేది. నాకు అదే బతుకు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, జలగల్లో, ఎవరో గీసిన గీత మీద నడుస్తాను. రాత్రికి రిపోర్టు, తెల్లారితే ఇంకో గీత. ఏడేళ్ళు ఇంకొకరి పేరు మీద రాసి పెట్టాక, నా సొంత పేరుతో బయటికొచ్చిన మొదటి రిపోర్టు అది. నువ్వు దాన్ని మేనేజరు ముందు కూర్చుని వేలెత్తి చూపించడానికి వెళ్ళావు. ఆయన మా బాసుకు ఫోన్ చేసి "మీ ఎక్స్‌పర్ట్ గారి అక్కట" అని చెప్పాడు. బాసు నాతో నవ్వుతూ మాట్లాడాడు. ఆ నవ్వు నీకు తెలియదు.

రిపోర్టు వెనక్కి తీసుకోవడమంటే బోర్డు మీద రాసింది డస్టర్‌తో తుడవడం కాదు. ఆఫీసు పద్ధతులు నీకు తెలియవు, తెలుసుకోవు. తమ్ముడు లేడన్నావు, సంతోషం. లేనివాడికి పనులు పురమాయించకు.

నాన్నకు ఈ సంగతి చెప్పొద్దు.

జగదీశ్.

*

వెంగళరావు నగర్,
జూలై 24.

జగదీశ్‌కు,

నాన్నకు చెప్పాను. నువ్వు చెప్పొద్దన్నాక ఇంకా చెప్పబుద్ధయింది.

మొత్తం విన్నాడు. లేచి చొక్కా వేసుకుని, "పోదాం పా" అన్నాడు. స్ఫూర్తి కూడా వస్తానంది, నోటుబుక్కుతో సహా తీసుకెళ్ళాను. వాచ్‌మన్ నన్ను చూడగానే మొహం చిట్లించాడు గానీ, నాన్న పోయి "నేను స్టూడియోల మౌల్డరుగ ముప్పై ఏండ్లు జేసిన తమ్మీ, లోపల నా పని ఒకటున్నది, ఒకసారి జూసిపోత" అనేసరికి తాళం తీశాడు. సినిమా వాళ్ళంటే అతనికి గౌరవం. నా ఎమ్మెస్సీకి తెరుచుకోని గేటు నాన్న మౌల్డింగుకు తెరుచుకుంది.

గేటు పక్కనున్న మొదటి బండ దగ్గరికి నాన్న సూటిగా నడిచాడు. వేలి కణుపుతో కొట్టాడు. బోలుగా మోగింది. వెనక్కి తీసుకెళ్ళి, రెండు అచ్చులు అతికిన గీత చూపించాడు, రంగు కింద సన్నగా ఉంది. ఎండలో అసలు బండ కాలుతుంది కాబట్టి హీరోయిన్ కూర్చోవడానికని ఇరవై ఏళ్ళ కింద ఒక పాట కోసం చేశాడట. పక్కనున్న బండ మీదే ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఫైబర్ పోసి, రంగులేశాడట. పాట అయ్యాక ఎవరూ తీసుకుపోలేదు.

"జగ్గడు గుర్తువట్టలేదా?" అన్నాడు నాన్న. "గంత మంచిగ జేసిన్నా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో సంతోషం చూశాను జగదీశ్. చదువుకున్న కొడుకును కూడా మోసం చేసేంత బాగా చేశానన్న సంతోషం. అర నిమిషం ఉందేమో. ఆ తర్వాత తను అన్నదేమిటో తనకే అర్థమైంది. రెండో బండ దగ్గరికి వెళ్ళాడు. కొట్టాడు. "గిది నాది గాదు" అన్నాడు. మూడోది కొట్టాడు. "గిది నాది గాదు." అలా పది బండలనూ కొట్టాడు. సుత్తి ఇస్తానంటే తీసుకోలేదు. ఆఖరికి జంటబండల దగ్గరికొచ్చేసరికి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి రక్తం వచ్చింది. స్ఫూర్తి ఒక్కొక్కదాని నంబరు, కొలత, పగుళ్ళు పోయే దిక్కు, చార వెడల్పు రాసుకుంది. తెల్ల చార కింది బండ పైఅంచు దగ్గర ఎక్కడ ఆగుతుందో, పై బండ కింద సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అలా పోయడం ఎవరివల్లా కాదని నాన్నే చెప్పాడు.

ఒకటి దొంగది, పది అసలువి. పదకొండూ కొట్టి చూశానని నాకు ఉత్తరంలో రాశావు. డొల్ల శబ్దం వచ్చిందన్నావు. ఏ బండలోంచి వచ్చింది? జంటబండల్లోంచి వచ్చిందా? రిపోర్టులో ఒక అబద్ధం రాశావు, దాన్ని కాపాడుకోవడానికి నాకు రెండోది రాశావు.

నాన్న ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఇరవైకి ఇంకా ఇరవై ఏడు రోజులున్నాయి.

హిమజ.

*

ఆసిఫాబాద్,
ఆగస్టు 2.

అక్కా,

ఇప్పుడు నువ్వు కూర్చుని చదువు.

ఇంటర్ అయిపోయాక నేనేమన్నానో గుర్తుందా? నాన్నతో షెడ్డుకు పోతాను, మౌల్డింగ్ నేర్చుకుంటాను అన్నాను. రెండేళ్ళు సెలవులన్నీ ఆ షెడ్డులోనే గడిపాను. కొబ్బరి పీచు ముంచి ప్లాస్టర్ పరవడం, అచ్చు విరగకుండా ఊడదీయడం, అన్నీ వచ్చు నాకు. రాళ్ళ మీద ప్రేమ ఉన్నమాట నిజమే, కానీ వాటిని కొలవాలని కాదు, చెయ్యాలని. నువ్వు గుమ్మంలో నిలబడి ఏమన్నావు? "దొంగరాళ్ళు జేసేటోడు ఇంట్ల ఒక్కడు సాలడా?" అన్నావు. అప్పుడు నాన్న బయట నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నువ్వు చూడలేదు, నేను చూశాను. నల్లా కట్టేసి అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత తన పని గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడటం నువ్వు విన్నావా? హీరోయిన్ కూర్చున్న ఆ బండ చెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. మూడుసార్లు రంగు మార్చాడు. నువ్వు ఒక్కసారైనా వెళ్ళి చూశావా?

నీ మాట మీద నేను బీయస్సీలో చేరాను. నీ సుత్తి, నీ పుస్తకాలు, నీ నోట్సు. ఏ పరీక్ష పాసైనా "మా హిమజ తమ్ముడు" అన్నారు. ఇవాళ నేనెలాంటి జియాలజిస్టునయ్యానో అని ఏడుస్తున్నావే, నన్ను చేసింది నువ్వు.

ఇక మే తొమ్మిది సంగతి. దాచి లాభం లేదు. నేను కారు దిగలేదు.

సాయంత్రానికి రిపోర్టు కావాలన్నాడు బాసు. "ఈజీ రిపోర్ట్, చెడగొట్టకు" అన్నాడు. ఏ స్థలమో చెప్పలేదు. ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కుతుంటే తెలిసింది. కారు గేటు ముందు ఆగింది. మేనేజరు దిగి, కారు తాళంచెవితో మొదటి బండను కొట్టి, "అన్నీ ఇంతేనండీ" అన్నాడు. తలుపు సగం తీసి ఉంది, శబ్దం వినిపించింది. దిగితే తెల్ల చార చూడాల్సి వస్తుంది. చూస్తే రాయాల్సి వస్తుంది. ఏసీ వేసుకుని కూర్చున్నాను. మిగతా పదింటి ఫొటోలు ఆయన వాట్సాప్‌లో పంపాడు. కూర్చున్నచోటే రాసేశాను. నీ మీద ఉన్న కోపం ఎక్కడెక్కడిదో ఆ క్షణంలో పైకొచ్చింది. పోతే పోనీ నీ బండలు అనుకున్నాను. ఇది నిజం.

నాన్న అడిగినదానికి జవాబు చెప్పు. గుర్తుపట్టాను. తాళంచెవి శబ్దం వినగానే అది ఆయన చేసిందని తెలిసింది. ఆయన పనితనం నన్ను మోసం చెయ్యలేదు. ఆయన పనితనాన్ని అడ్డం పెట్టుకుని నేనే మోసం చేశాను.

రిపోర్టు తప్పని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. నా సంతకాన్ని ఇంకే కంపెనీ తీసుకోదు. కట్టుకున్న భావనకు కూడా ఇంకా చెప్పలేదు. ఏం చెయ్యాలో నువ్వు చెప్పకు. ఒకసారి చెప్పావు, చాలు.

జగదీశ్.

*

వెంగళరావు నగర్,
ఆగస్టు 8.

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, నాన్న దగ్గరికెళ్ళి నల్లా దగ్గర ఆ మాట విన్నావా అని అడిగాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"విన్న బిడ్డా. ఇరవై ఏండ్లాయె. అందుల తప్పేమున్నది, దొంగరాళ్ళే గద."

నన్ను తిట్టినా బాగుండేది. మర్నాడు ప్రిన్సిపాల్‌ను అడిగి ఆయన్ని కాలేజీకి తీసుకెళ్ళాను. ఒక బకెట్టు ప్లాస్టర్, కొబ్బరి పీచు, మా ల్యాబులోని గ్రానైటు దిమ్మ. అమ్మాయిల ముందు గంటలో అచ్చు తీసి ఇంకో దిమ్మ పోసి, ఆరాక రంగేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి ఏది అసలుదో చెప్పమన్నాడు. ఇరవై ఇద్దరిలో పద్నాలుగు మంది తప్పు చెప్పారు. అప్పుడు ఒక్కొక్కటీ చూపించాడు. చేత్తో పట్టుకుంటే ఏది చల్లగా ఉంటుంది, ఏది తొందరగా వేడెక్కుతుంది, అభ్రకం తళుకు పక్కకు వంచితే ఎట్లా మారుతుంది, రంగులో వేసిన తళుకు ఎందుకు మారదు. నేను పన్నెండేళ్ళు చెప్పింది ఆయన ఒక పూటలో చెప్పాడు. అచ్చు తీయాలంటే ముందు రాయిని ఇంచించూ తడమాలట. ఆ సంగతి నాకు తట్టనే లేదు. నేను అన్న మాట తప్పు. ఆ తప్పు నాది, నేనే మోస్తాను.

కానీ జగదీశ్, నా తప్పు నా మొహాన కొట్టి దాని వెనక నీది దాచుకోకు. నేను నిన్ను బీయస్సీలో చేర్చాను. కారులో కూర్చోమని నేను చెప్పలేదు. షెడ్డులో రెండేళ్ళు ప్లాస్టర్ పూసినవాడివి, ముట్టుకోకుండా ఏ రాయి సంగతీ తెలియదని నాన్న నీకు నేర్పలేదా? నేను నేర్పలేదా? ఇద్దరి దగ్గరా నేర్చుకుని ఇద్దరినీ ముంచావు.

ఏం చెయ్యాలో చెప్పకు అన్నావు. చెప్పను. నీకు పద్నాలుగేళ్ళప్పుడు, నోటుబుక్కులో తప్పు కొలత రాసి రబ్బరుతో చెరిపావు. నేను ఆ పేజీ నీ మొహం ముందు పెట్టి ఏం చెప్పానో అదొక్కటి గుర్తుచేస్తాను. ఫీల్డులో రాసింది చెరపకూడదు. తప్పయితే దాని మీద ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో కనబడాలి. పక్కన సరైనది రాసి, సంతకం చేసి, తేదీ వెయ్యాలి. ఇవాళ్టికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

హిమజ.

*

ఆసిఫాబాద్,
ఆగస్టు 17.

అక్కా,

పద్నాలుగో తారీకు గురువారం హైదరాబాద్ వచ్చాను. పర్మిషన్లిచ్చే ఆఫీసులో నా రిపోర్టు ఫైలు అడిగాను. ఆఫీసరు కొత్త రిపోర్టు పెట్టమన్నాడు, పాతది తీసేస్తామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పాతది అలాగే కనబడాలన్నాను. ఆయన నన్ను పిచ్చివాడిలా చూశాడు. "ఇరవై ఏండ్ల సర్వీసుల గిట్ల ఎవ్వరు జెయ్యలే" అన్నాడు. చివరికి ఫైలు నా ముందు పెట్టాడు.

మూడో పేజీలో ఆ వాక్యం మీద స్కేలు పెట్టి ఒక్క గీత కొట్టాను. పక్కన రాశాను: 'పరిశీలించలేదు. కారు దిగలేదు. పదకొండింటిలో గేటు పక్కన ఉన్నది ఒక్కటే చేసినది. మిగిలిన పదీ సహజమైన గ్రానైటు.' సంతకం, తేదీ. పని ఆపమని ఉత్తర్వు తయారు చేస్తామన్నారు. శుక్ర, శని, ఆదివారాలు సెలవులు కాబట్టి సోమవారం వెళ్తుంది. వాళ్ళ గడువు ఇరవై కదా, రెండు రోజుల ముందే అందుతుంది.

బాసుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. గది ఖాళీ చేయడానికి ఆసిఫాబాద్ వచ్చాను. రేపటి నుంచి కరీంనగర్‌లో భావన వాళ్ళ అమ్మగారింట్లో ఉంటాను. భావనకు అంతా చెప్పాను. నాలుగు రోజులు మాట్లాడదట, ఆ తర్వాత చూద్దామంది.

ఆ రోజు వెంగళరావు నగర్ మీదుగానే ఆటోలో వెళ్ళాను. మన వీధి మలుపు దగ్గర ఆపించి, మళ్ళీ పొమ్మన్నాను. తమ్ముడు లేడని రాసిన ఇంటికి ఏమని రావాలి? నీ మొదటి ఉత్తరం దీంతో తిరిగి పంపుతున్నాను. దగ్గరుంటే రోజూ చదువుతున్నాను. చించడానికి చేతులు రాలేదు.

జగదీశ్.

*

వెంగళరావు నగర్,
ఆగస్టు 31.

చిరంజీవి జగదీశ్‌కు,

వాళ్ళు ఇరవై దాకా ఆగలేదు. పదిహేను పొద్దున్నే మొదలుపెట్టారు. మూడు రోజులు ఆఫీసులన్నీ మూసి ఉంటాయని నీకెంత తెలుసో వాళ్ళకూ అంతే తెలుసు. ఉత్తర్వు పద్దెనిమిది మధ్యాహ్నం చేరింది. అప్పటికి నాలుగు బండలు ముక్కలయ్యాయి. అందులో జంటబండల్లో పైది ఒకటి.

నాకు తెలియగానే వెళ్ళాను. సాయిశ్రీనివాస్ గేటు దగ్గరే ఉన్నాడు. "కొంచెం లేటయిందండీ" అన్నాడు, ఏదో రైలు తప్పిపోయినట్టు. ఆయన్ని నేను అనాల్సినవన్నీ అన్నాను. అమ్మాయిలు వినకూడని మాటలు కూడా అన్నాను. ఆరు బండలు మిగిలాయి, ఇప్పుడు కమిటీ వచ్చి కొలతలు తీసుకుంటోంది, వాటినిక ముట్టుకోరు. నాన్న చేసిన బండను మాత్రం ఇద్దరు కూలీలు చేతుల మీద ఎత్తి నీడలో పెట్టారట. ఇప్పుడు వాచ్‌మన్ దాని మీదే కూర్చుంటున్నాడు.

నిన్న శనివారం అమ్మాయిలను తీసుకెళ్ళాను. పగిలిన ముక్కల లోపలి ముఖం గులాబీ రంగులో మెరుస్తోంది. ఇన్ని కోట్ల ఏళ్ళలో దాని మీద ఎండ పడటం అదే మొదటిసారి. తెల్ల చార కింది బండ అంచు దాకా వచ్చి ఆగిపోయింది, పైన ఏమీ లేదు. స్ఫూర్తి జూలైలో పై బండకు రాసుకున్న కొలతలు చూపించి, వాటిని కొట్టెయ్యాలా అని అడిగింది. కొట్టెయ్యకు, అవి తప్పు కాదు, కింద ఇవాళ్టి తేదీ వేసి 'పగలగొట్టారు' అని రాయమన్నాను. అందరూ రాసుకున్నారు.

నీకొక లెక్క చెప్పక తప్పదు. నా మొదటి ఉత్తరం అందిన రోజున నువ్వు ఆ గీత కొట్టి ఉంటే పదికి పదీ ఉండేవి. నెల రోజులు నువ్వు నాతో పోట్లాడావు, నేను నీతో పోట్లాడాను. ఆ పై బండ మళ్ళీ రాదు. ఈ కోపం నాకు పోదు, పోవాలని కూడా నేను ప్రయత్నించను. గీత కొట్టినందుకు మాత్రం నీకు ఒక మాట చెప్పాలి. నువ్వు ఫోన్‌కు పంపిన ఆ పేజీ ఫొటోను నాన్న వేళ్ళతో పెద్దది చేసి అక్షరం అక్షరం చదివాడు. చదివి అన్నాడు: "వానికి రాయి. శనివారం రమ్మను. పిల్లలకు చేసిన రాయి నేను జూపిస్త, పుట్టిన రాయి వాడు జూపియ్యాలె."

నువ్వు పంపిన నా ఉత్తరం దీంతో మళ్ళీ నీకే పంపుతున్నాను. మొదటి నుంచి చివరి దాకా చదివాను. 'సిగ్గులేనివాడివి' అన్నది అలాగే ఉంచాను. డిగ్రీ వెనక్కిచ్చెయ్ అన్నది కూడా ఉంచాను. ఆ రోజు అవి నిజాలే. ఆఖరి వాక్యం మీద మాత్రం స్కేలు పెట్టి ఒక్క గీత కొట్టాను. చెరపలేదు, కింద ఏం రాశానో నీకు కనబడుతుంది. పక్కన సంతకం చేసి తేదీ వేశాను.

నీ అక్క,
హిమజ.